ఏప్రిల్‌లో ఆగిపోయే దాతృత్వం

సీడ్ పత్తి పూతకొచ్చేది వానాకాలం నడుమ. గద్వాల చుట్టుపక్కల ఊళ్లలోనూ, తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా పల్లెల్లోనూ అప్పుడు క్రాసింగ్ పని మొదలవుతుంది. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి చేత్తో అద్దే పని అది. పొద్దు పొడవక ముందునుంచీ మొక్కల మధ్య నిలబడాలి, ఒక్కో పువ్వునీ వెతికి పట్టుకోవాలి, తక్కువ కూలికి రావాలి, ఎదురు మాట్లాడకూడదు. అందుకే ఆడపిల్లల్ని పిలుస్తారు. కంపెనీ నుంచి సీడ్ ఆర్గనైజరుకి, ఆర్గనైజరు నుంచి రైతుకి, రైతు నుంచి పిల్ల తల్లిదండ్రులకి అడ్వాన్సు ఎండాకాలంలోనే చేతులు మారిపోయి ఉంటుంది. అడ్వాన్సు తీసుకున్నాక ఆ తండ్రిని ఎంత బతిమాలినా లాభం లేదు.

కాబట్టి ఆ పిల్లని బడిలో నిలపాలంటే ఎవరో ఒకరు మే నెలలో ఆమె గడప తొక్కాలి. మేలో గడప తొక్కే ఆ మనిషికి జీతం ఎవరిస్తున్నారు? ఫౌండేషన్ ఇవ్వడం లేదు. దాని గ్రాంటు మార్చి 31తో అయిపోయింది. కొత్త గ్రాంటు గురించి బోర్డు జూలైలో కూర్చుంటుంది. ఎంవోయూ మీద సంతకాలు ఆగస్టులో అవుతాయి. మొదటి విడత సెప్టెంబరులో బ్యాంకులో పడుతుంది. అప్పటికి పిల్ల చేలో ఉంటుంది.

పిల్లల కోసం, యువత కోసం పనిచేసే సంస్థలకు మన సంపన్న కుటుంబాల ఫౌండేషన్లు డబ్బిచ్చే పద్ధతి మీద నా అభియోగం ఇదే. పన్నెండేళ్ల పిల్ల పందొమ్మిదేళ్ల మనిషి కావడానికి ఏడేళ్లు పడుతుంది. ఏడేళ్ల పనికి పన్నెండు నెలల చొప్పున, అందులోనూ నాలుగైదు నెలలు ఎగవేసి డబ్బివ్వడాన్ని నేను సాయం అనను. ఇచ్చేవాళ్లకు పుణ్యం చేశామన్న తృప్తి మిగులుతుంది, పిల్లలకు సగంలో చెయ్యి వదిలేసిన మనుషుల జ్ఞాపకం మిగులుతుంది. ఇలాంటి సంస్థల కోసం ప్రపోజళ్లు రాస్తూ, రిపోర్టులు రాస్తూ నేను చాలా కాలం గడిపాను. ఆ కాగితాల వెనక ఏం నలిగిపోతుందో చూశాను కాబట్టే కోపంతో రాస్తున్నాను.

ఫౌండేషన్ క్యాలెండర్‌నీ పిల్లల క్యాలెండర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. టెన్త్ పబ్లిక్ పరీక్షలు మార్చిలో. ఏడాది పొడుగునా ఊళ్లో సాయంత్రపు చదువులు నడిపిన కోఆర్డినేటరు ఆ రోజుల్లో పిల్లల పక్కనుండాలి. హాల్ టికెట్‌లో పేరు తప్పుపడిందని ఏడ్చే పిల్ల ఉంటుంది. లెక్కల పరీక్ష ముందురోజు రాత్రి తాగొచ్చిన తండ్రికి భయపడి మేనత్త ఇంటికి పారిపోయిన పిల్లాడుంటాడు. పరీక్ష సెంటరు మండల కేంద్రంలో పడితే ఆటో మాట్లాడాలి. కానీ ఆ కోఆర్డినేటరు ఆఫీసులో కూర్చుని వోచర్లు అంటిస్తూ ఉంటుంది. మార్చి 31లోగా యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లాలి. స్టేషనరీ పద్దులో కొన్ని వేలు ఎందుకు మిగిలాయో, ప్రయాణాల పద్దులో కొన్ని వందలు ఎందుకు మించాయో వివరణ రాయాలి. మిగిలినా తప్పే, మించినా తప్పే.

ఫలితాలు ఏప్రిల్ చివరికి అటూ ఇటూగా వస్తాయి. తప్పినవాళ్లకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ నెల తిరిగేసరికి మీదికొస్తుంది. ఒకటో రెండో సబ్జెక్టుల్లో తప్పిన పిల్లాణ్ణి ఆ మూడు నాలుగు వారాలు పట్టుకుని కూర్చోబెడితే చాలాసార్లు గట్టెక్కుతాడు. కూర్చోబెట్టే మనిషి లేకపోతే హైదరాబాద్‌కో బెంగళూరుకో సెంట్రింగ్ పనికి వెళ్లిపోతాడు. ఆ బస్సెక్కినవాడు తిరిగి పుస్తకం పట్టడం అరుదు. తప్పిన ఆడపిల్ల అయితే పెళ్లికి ఇంట్లో అదే సాకు. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలు సరిగ్గా ఆ నెలల్లోనే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలన్నా, అంగన్‌వాడీ టీచరుతో, ఊరి పెద్దలతో మాట్లాడి పెళ్లి ఆపించాలన్నా ఆ ఊళ్లో తెలిసిన మనిషి ఉండాలి, పిల్ల నమ్మి చెప్పుకోగలిగిన మనిషి ఉండాలి. జూన్ 12న బళ్లు తెరుస్తారు. కస్తూర్బా విద్యాలయాల్లో, హాస్టళ్లలో సీట్ల కోసం దరఖాస్తులూ, కుల ధ్రువీకరణ పత్రాలూ, టీసీలూ అన్నీ ఆ చుట్టుపక్కల రోజుల్లోనే తేలాలి.

ఏప్రిల్, మే, జూన్. ఒక కౌమార జీవితం ఎటు తిరగాలో తేలేది ఈ మూడు నెలల్లోనే. మన గ్రాంటు వ్యవస్థలో డబ్బు లేని నెలలూ ఇవే. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. పిల్లల ఏడాది ఎలా నడుస్తుందో ఒక్కసారైనా అడిగి ఉంటే ఇలా జరిగేది కాదు. ఇచ్చేవాళ్లు తమ అకౌంటెంట్ ఏడాదిని చూసుకున్నారు, అంతే.

ఆ నెలల్లో జీతం రాని కోఆర్డినేటరు ఏమవుతుందో కూడా చెప్పాలి. మంచి సంస్థ అయితే సెక్రటరీ అప్పు చేసి సగం జీతమైనా ఇస్తాడు. చాలా చోట్ల అదీ ఉండదు. డిగ్రీ చదివి, ఊరు ఊరూ తిరిగి, వంద ఇళ్లలో ఎవరి బాధ ఏమిటో తెలుసుకున్న ఆ అమ్మాయి మైక్రోఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ ఉద్యోగానికి చేరుతుంది. నిన్నటిదాకా ఏ ఇంటి గడప మీద కూర్చుని పిల్లని బడికి పంపమని బతిమాలిందో రేపు ఆ గడప మీదే కిస్తీ అడగాల్సి వస్తుంది. సెప్టెంబరులో గ్రాంటు వచ్చాక సంస్థ కొత్త మనిషిని తీసుకుంటుంది, శిక్షణ ఇస్తుంది. ఆ మనిషికి ఊరు పరిచయమయ్యేసరికి మళ్లీ మార్చి. ఫౌండేషన్ రిపోర్టులో మాత్రం "సిబ్బంది నిలకడ తక్కువ" అని సంస్థ మీదే మచ్చ పడుతుంది.

దీర్ఘకాలం పట్టుకుని చేస్తే ఏమవుతుందో హైదరాబాద్‌కి తెలియని సంగతేం కాదు. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో ఆయన కుటుంబం పెట్టిన ట్రస్టు ఎం.వి.ఫౌండేషన్. చరిత్రకారుడి జ్ఞాపకార్థం మొదలైన ఆ చిన్న ట్రస్టు 1991లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల్ని పనినుంచి విడిపించి బడికి పంపే పని ఎత్తుకుంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పిల్లాడూ బాలకార్మికులే అన్న మొండి సూత్రం మీద నిలబడింది. బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టింది. టీచర్లనీ పంచాయతీలనీ యువకులనీ కూడగట్టింది. ఆ పనికి నడుం కట్టిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి చైర్‌పర్సన్ ఆమే. 1991కీ 2003కీ మధ్య ఉన్న పన్నెండేళ్లు చూడండి. ఒక ఊళ్లో బాల్యవివాహం, పిల్లల చేత పని చేయించడం సిగ్గుపడాల్సిన విషయాలని ఊరే అనుకునేదాకా తీసుకురావడం ఏ త్రైమాసిక లక్ష్యంలోనూ ఇమడదు. ఆ ఫలితాల్ని ఈనాటి ఫౌండేషన్లన్నీ తమ పవర్‌పాయింట్లలో ఉదాహరణగా వాడుకుంటాయి. ఆ ఫలితాలకు పట్టిన కాలాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వవు.

ఇక ఓవర్‌హెడ్ సంగతి. ఈ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. "మా డబ్బు మొత్తం పిల్లలకే చేరాలి, ఆఫీసు ఖర్చులకు ఐదు శాతం మించి ఇవ్వం" అంటారు. వినడానికి ఎంత ధర్మంగా ఉంటుందో! ఆఫీసు ఖర్చు అంటే ఏమిటి? లెక్కలు రాసే మనిషి జీతం. ఆడిటర్ ఫీజు. కోఆర్డినేటర్ల పీఎఫ్. పిల్లలతో మసిలే మనుషుల నేపథ్యం విచారించే ఖర్చు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగితే ఎవరికి చెప్పాలి, ఏం చేయాలి అని సిబ్బందికి నేర్పే శిక్షణ. కరెంటు బిల్లు. ఇవేవీ లేకుండా పిల్లలతో పనిచేసే సంస్థ నడవదు, నడవనివ్వకూడదు కూడా. బావి తవ్వడానికి డబ్బిచ్చి గిలక్కీ చేంతాడుకీ ఇవ్వమన్నట్టుంది ఇది.

ఈ ఐదు శాతం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2021లో సవరించిన నిబంధనల్లో పరిపాలనా ఖర్చు 5 శాతం మించరాదని ఉంది. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకి. ఊళ్లో పనిచేసే సంస్థకి కాదు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో ప్రశ్నలూ జవాబులూ విడుదల చేసి ఆ సంగతి విడమరిచి చెప్పింది. అయినా కంపెనీ యజమాని కుటుంబం పేరుతో నడిచే ఫౌండేషన్లు ఎన్నో ఆ ఐదు శాతాన్ని తీసుకొచ్చి పల్లెలో ఉన్న సంస్థ మెడకు కడుతున్నాయి. తమకు పెట్టిన హద్దుని తమకంటే బలహీనుల మీదికి తోసేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

నిజమైన ఖర్చెంతో కూడా తెలియనిదేం కాదు. బ్రిడ్జ్‌స్పాన్ సంస్థ, కొన్ని ఫౌండేషన్లూ కలిసి మన దేశంలోనే బాగా నిధులున్న 40 స్వచ్ఛంద సంస్థల లెక్కలు తీసి చూశాయి. పరోక్ష ఖర్చులు సంస్థని బట్టి 5 శాతం నుంచి 51 శాతం దాకా ఉన్నాయి. మధ్యస్థం 19 శాతం. అంటే ఐదు శాతం ఇచ్చేవాడు మిగిలినదాన్ని సంస్థ చేత దొంగతనంగా రాయిస్తున్నాడు. ఔను, దొంగతనంగానే. అకౌంటెంట్ జీతాన్ని "శిక్షణ సామగ్రి" పద్దులో కలపడం, ఆఫీసు అద్దెని "సమావేశ ఖర్చులు"గా చూపడం అందరికీ తెలిసిన రహస్యం. ఫౌండేషన్ మనుషులకు తెలుసు, ఆడిటర్లకు తెలుసు. నిజాయితీగా బతకాలని పిల్లలకు చెప్పడానికి వచ్చినవాళ్ల చేత అబద్ధపు పద్దులు రాయించడం కంటే నీచమైన పని ఇంకొకటి ఉందా? ఆ అబద్ధాన్ని మీరే పుట్టించారు. ఎప్పుడైనా కోపమొస్తే దాన్నే ఆయుధంగా వాడి "నిధుల దుర్వినియోగం" అని సంస్థని మూయించగల అధికారమూ మీ చేతుల్లోనే ఉంచుకున్నారు.

విదేశీ విరాళాల చట్టం సంగతి వేరే కథ. 2020 సెప్టెంబరులో దాన్ని సవరించి పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. విదేశీ డబ్బు అందుకున్న సంస్థ అందులోంచి ఇంకో సంస్థకి పైసా ఇవ్వడానికి వీల్లేకుండా చేశారు. విదేశీ విరాళం ఏదైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. అంతకు ముందు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఓ మోస్తరు సంస్థ విదేశీ గ్రాంటు తెచ్చి, ఆదోని దగ్గరో ఉట్నూరు దగ్గరో నలుగురు కుర్రాళ్లు నడిపే యువజన సంఘానికి కొంత పంచేది. ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి అలాంటి చిన్న సంఘాలకు ఇప్పుడు దిక్కు దేశంలోని డబ్బే. దేశంలోని సంపన్న కుటుంబాల బాధ్యత రెట్టింపైన సమయంలో వాళ్లు తలుపులు మరింత బిగించుకున్నారు.

తలుపులంటే నిజంగానే తలుపులు. అత్యధిక కుటుంబ ఫౌండేషన్లకు దరఖాస్తు పెట్టే మార్గమే లేదు. "మేమే వెతుక్కుంటాం" అంటాయి. ఎక్కడ వెతుకుతారు? ముంబైలో, బెంగళూరులో జరిగే సదస్సుల్లో. ఒకరికొకరు పరిచయం చేసుకునే విందుల్లో. పల్లెలో పద్నాలుగేళ్లుగా పిల్లలతో ఉన్నవాడికి ఆ సదస్సు టికెట్ కొనే స్తోమత ఉండదు, ఇంగ్లిషులో "థియరీ ఆఫ్ చేంజ్" చెప్పడం రాదు. అదే బయట చదువుకుని వచ్చి నిరుడు సంస్థ పెట్టిన కుర్రవాడికి ట్రస్టీ కూతురు క్లాస్‌మేట్ అయి ఉంటుంది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, మంచివాడే కావచ్చు. కానీ గ్రాంటు అతణ్ణి చేరడానికి అతని మంచితనం కారణం కాదు.

అమెరికాలోనూ ఈ రోగం ఉంది, కాకపోతే అక్కడ కాగితం మీద కనపడుతుంది. ప్రతి ప్రైవేట్ ఫౌండేషనూ ఏటా 990-పీఎఫ్ అనే పన్ను పత్రం దాఖలు చేయాలి. అది ఎవరైనా చూడొచ్చు. ఎవరికెంత ఇచ్చారో పేరుపేరునా రాయాలి. అందులో ఒక చిన్న గడి ఉంది: ముందే ఎంచుకున్న సంస్థలకే ఇస్తాం, అడగకుండా వచ్చే అభ్యర్థనలు తీసుకోం అనేవాళ్లు అక్కడ టిక్ పెట్టాలి. వేల ఫౌండేషన్లు ఆ టిక్కు పెడతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి కుటుంబం పేర ఫౌండేషన్ పెట్టుకున్న మన తెలుగువాళ్లకూ ఆ పత్రం తెలుసు. మీరు ఆ గడిలో టిక్ పెట్టేముందు ఆలోచించండి: మీ ఊరి హైస్కూల్లో ఇవాళ చదివే పిల్ల మిమ్మల్ని ఎలా చేరుకోగలదు? ఇక్కడ దేశంలోనైతే ఆ పత్రం లాంటిదే లేదు. ట్రస్టుల పన్ను రిటర్నులు జనం చూడ్డానికి వీల్లేదు. ఎవరికిచ్చారో, ఎవర్ని తిరగ్గొట్టారో, ఎందుకో దేవుడికెరుక.

"మా డబ్బు, మా ఇష్టం" అని ఈ పాటికి ఎవరో ఒక ట్రస్టీ అనుకుంటూ ఉంటారు. కాదండీ. పూర్తిగా మీది కాదు. ట్రస్టులోకి వెళ్లిన డబ్బు మీద వచ్చే ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది. విరాళమిచ్చినవారికి 80జి పేరుతో ఏళ్ల తరబడి రాయితీ ఉంది. సబ్బు బిళ్ల మీద జీఎస్టీ కట్టే కూలీ మనిషి ఖజానాలో వేసేదాన్ని మీరు వేయకుండా మినహాయించుకున్నారు, ప్రజాప్రయోజనం కోసం ఖర్చుపెడతామన్న మాట మీద. ఆ మాట ఇచ్చినవాళ్లు జవాబుదారులు కావాలి.

అమెరికా చట్టసభకు ఈ సంగతి అర్థం కావడానికి ఒక మొండి మనిషి కావాల్సొచ్చింది. టెక్సాస్ నుంచి ఎన్నికైన రైట్ పాట్‌మన్ 1960లలో ఏళ్ల తరబడి ఫౌండేషన్ల లెక్కలు తవ్వాడు. పన్ను ఎగ్గొట్టి, డబ్బు దాచుకుని, కుటుంబ వ్యాపారాలకు ఊతకర్రలుగా వాడుకుంటున్నారని బయటపెట్టాడు. 1969 పన్ను సంస్కరణ చట్టం వచ్చింది. దాని ఫలంగా ఇవాళ అక్కడి ప్రైవేట్ ఫౌండేషన్ ఏటా తన ఆస్తుల్లో దాదాపు 5 శాతం పంచితీరాలి. అదీ చాలదు. సిబ్బంది జీతాలూ, బోర్డు ప్రయాణాలూ కూడా ఆ ఐదు శాతంలోనే కలిపి చూపించుకోవచ్చు. పెట్టుబడి మీద అంతకంటే ఎక్కువ వచ్చిన ఏడాది నిధి పెరుగుతుందే తప్ప తరగదు. గ్రాంటు తీసుకున్న సంస్థ ఆఫీసు ఖర్చుని ముక్కుపిండి తగ్గించే ఫౌండేషనే తన ఆఫీసు ఖర్చుని దానం లెక్కలో రాసుకుంటుంది. చట్టం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను.

అందరూ ఇంతేనా అంటే, కాదు. న్యూయార్క్‌లోని ఎడ్నా మెక్‌కానెల్ క్లార్క్ ఫౌండేషన్ చూడండి. ఏవాన్ సౌందర్య సాధనాల కంపెనీ స్థాపకుడి కూతురు ఎడ్నా, ఆమె భర్త వాన్ అలన్ క్లార్క్ కుటుంబ సంపదతో నడిచింది. తొలి మూడు దశాబ్దాలు ట్రకోమా అనే కంటి జబ్బు దగ్గర్నుంచి జైలు సంస్కరణల దాకా ఎన్నో పనులకు డబ్బిచ్చింది. 1996లో మైకేల్ బెయిలిన్ అధ్యక్షుడయ్యాక, ఇంత డబ్బు ఇన్నివైపులా చల్లితే ఏం మారిందని తనను తానే నిలదీసుకుంది. 1999 నుంచి ఆ దారులు మూసుకుంటూ వచ్చి, పేద పిల్లలతో, యువతతో పనిచేసే సంస్థల మీదే నిలబడింది. ప్రాజెక్టుకి కాకుండా సంస్థకి డబ్బిచ్చింది. ఏడాదికి కాకుండా ఏళ్లకి ఇచ్చింది. హార్లెం చిల్డ్రన్స్ జోన్‌కి అలాగే అండగా ఉంది. 2007లో నర్స్-ఫ్యామిలీ పార్ట్‌నర్‌షిప్, యూత్ విలేజెస్, సిటిజన్ స్కూల్స్ అనే మూడు సంస్థల ఎదుగుదలకి ఎంత కావాలో ముందే లెక్కగట్టి, తనది కొంత వేసి, మిగతా దాతల్ని పోగేసి 12 కోట్ల డాలర్లు ఒక్కచోట చేర్చింది. ప్రతి సంస్థా పదిమంది దాతల గుమ్మాలకి పది రకాల ప్రపోజళ్లు మోయకుండా ఒకే రిపోర్టు సరిపోయేలా చూసింది. మెంఫిస్‌లో పుట్టిన యూత్ విలేజెస్ ఇల్లూ వాకిలీ లేక ప్రభుత్వ సంరక్షణలో పెరిగి, బయటికొచ్చాక ఒంటరిగా మిగిలే యువతతో పనిచేస్తుంది. అలాంటి పిల్లాడికి పన్నెండు నెలల తర్వాత "ప్రాజెక్టు అయిపోయింది" అని చెప్పలేం. ఆ మాత్రం ఆ కుటుంబం గ్రహించింది. చివరికి 2016 ప్రాంతంలో తన మూలధనాన్నే ఖర్చుపెట్టేసి ముగిసిపోవాలని నిర్ణయించుకుంది. తమ పేరు శాశ్వతంగా నిలవాలన్న యావ లేని నిర్ణయం అది. చేతులెత్తి మొక్కుతాను.

అయినా క్లార్క్ పద్ధతిని తలకెత్తుకోను. అక్కడా ఎంపిక వాళ్లదే. ఖరీదైన పరిశోధనలతో, నియంత్రిత అధ్యయనాలతో తమ పని ఫలితమిస్తున్నట్టు రుజువు చేసుకోగల సంస్థలకే పెద్ద డబ్బు వెళ్లింది. రుజువు చేసుకునే స్తోమత లేని చిన్న సంఘం, అది నల్లజాతి వాడలోదైనా మన దళితవాడలోదైనా, ఆ జల్లెడలోంచి జారిపోతుంది. కొలవగలిగిందే మేలు అనుకునే ఈ పద్ధతిని మన ఫౌండేషన్లు ఎంత శ్రద్ధగా దిగుమతి చేసుకున్నాయో, ఏళ్ల తరబడి స్వేచ్ఛగా ఇచ్చే పద్ధతిని అంత శ్రద్ధగా వదిలేశాయి.

తలుపు తెరవడం కూడా అసాధ్యం కాదు. అమెరికా సంపన్న దాత మెకంజీ స్కాట్ 2023లో చిన్న సంస్థలకు బహిరంగ పిలుపు ఇచ్చింది. 6,353 దరఖాస్తులు వచ్చాయి. తొలి వడపోత చేసింది ఆమె మనుషులు కాదు, దరఖాస్తు పెట్టిన సాటి సంస్థలవాళ్లే ఒకరివొకరు చదివి మార్కులేశారు. 250 సంస్థలకు పది లక్షల డాలర్ల చొప్పున ఇస్తానన్నది కాస్తా, 2024 మార్చిలో 361 సంస్థలకు మొత్తం 64 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఎలా ఖర్చు పెట్టుకుంటారో మీ ఇష్టమంది. మిషిగన్ రాష్ట్రంలోనైతే 1988 నుంచి కెల్లాగ్ ఫౌండేషన్ చొరవతో కమ్యూనిటీ ఫౌండేషన్లలో హైస్కూల్ వయసు పిల్లల కమిటీలు ఏర్పడ్డాయి. యువత కోసం కేటాయించిన నిధి ఎవరికివ్వాలో ఆ పిల్లలే కూర్చుని తేలుస్తారు. మన దగ్గర యువత పేరు మీద కోట్లు పంచే ఏ బోర్డులో పాతికేళ్లలోపు మనిషి ఒకరు కూర్చున్నారు? ట్రస్టీల సంతానం లెక్కలోకి రాదు.

ఫోటోల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. "సక్సెస్ స్టోరీ పంపండి, పాప ఫోటో పెట్టండి, అంతకు ముందు ఎలా ఉండేదో రాయండి" అని ప్రతి మూడు నెలలకీ మెయిల్ వస్తుంది. అడిగేది ఎవరి ఫోటో? పనిలోంచి విడిపించిన పిల్లది. పెళ్లి ఆపించిన పిల్లది. బాలల న్యాయ చట్టం 2015లో సెక్షన్ 74 ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ పిల్లకి రేపు ఇరవై ఐదేళ్లొస్తాయి. ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది. ఆమె కష్టకాలపు ముఖం ఎవరిదో వార్షిక నివేదిక అట్ట మీద ఉండాలా? మీ ఇంటి పిల్ల ఫోటో అయితే ఇచ్చేవారా? పిల్ల సంతకం పెట్టిన అంగీకార పత్రం ఉందని చూపించకండి. జీతాలు ఆగిపోతాయన్న భయంతో సంస్థ అడిగితే, సంస్థ మీద కృతజ్ఞతతో పిల్ల పెట్టిన సంతకం అది.

"మరి డబ్బు తినేసేవాళ్లు లేరా?" ఉన్నారు. బోర్డు తిప్పేసిన సొసైటీలూ, కాగితాల మీదే నడిచిన అనాథాశ్రమాలూ మన జిల్లాల్లో లేవని నేననను. కానీ అలాంటివాడు మీ లైన్ ఐటమ్‌కి భయపడడు. వోచర్లు చేయడంలో వాడే అందరికంటే దిట్ట. పన్నెండు నెలల గ్రాంటు, పదమూడు రకాల ఫార్మాట్లు, త్రైమాసిక రిపోర్టులు దాటుకుని హాయిగా బయటపడేది వాడే. దొరికిపోయేది లెక్కలు సరిగా రాయలేని నిజాయితీపరుడు. మోసాన్ని పట్టాలంటే ఊరికెళ్లాలి. ముందు చెప్పకుండా వెళ్లాలి. సాయంత్రం ఆరింటికి చదువుల కేంద్రంలో ఎంతమంది పిల్లలున్నారో చూడాలి, వాళ్ల తల్లులతో మాట్లాడాలి, గత మూడేళ్ల ఆడిట్ చదవాలి. ఆ పని కష్టం, ఎండలో తిరగాలి. అందుకే దాని బదులు ఎక్సెల్ షీటు పంపిస్తారు.

"చట్టం ఏడాదికే ఇమ్మంటోంది" అనేవాళ్లకు కూడా జవాబుంది. సీఎస్‌ఆర్ నిబంధనల్లోనే కొనసాగే ప్రాజెక్టు అనే ఏర్పాటు ఉంది. మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు నడపొచ్చు, ఖర్చుకాని డబ్బుని వేరే ఖాతాలో ఉంచుకోవచ్చు. కుటుంబ ట్రస్టులకైతే ఆ నియమమూ వర్తించదు. ఆదాయంలో 85 శాతం ఖర్చుపెట్టాలన్న నిబంధన ఉంది గానీ ఒక సంస్థకి ఐదేళ్ల మాట ఇవ్వకూడదని ఎక్కడా లేదు.

కాబట్టి అడుగుతున్నాను, బతిమాలడం లేదు. బోర్డు సమావేశాన్ని జూలై నుంచి జనవరికి మార్చండి. ఏప్రిల్ ఒకటిన డబ్బు ఊళ్లో ఉండాలి. టెన్త్ దాటించే పనికైనా, పెళ్లి ఆపే పనికైనా కనీసం ఐదేళ్ల మాట రాసివ్వండి, మధ్యలో ఆపాలంటే ఏడాది ముందు చెప్పండి. నిజమైన ఆఫీసు ఖర్చు ఎంతో అడిగి అంతా ఇవ్వండి. తెలుగులో నాలుగు పేజీల దరఖాస్తు పెట్టే వీలు అందరికీ తెరవండి, తిరగ్గొడితే కారణం రాసి పంపండి. ఎవరికెంత ఇచ్చారో ఏటా అచ్చువేసి బయట పెట్టండి. బోర్డులో రెండు కుర్చీలు మీ గ్రాంటుతో చదువుకున్న యువతకివ్వండి, ఓటు హక్కుతో సహా. ఫోటోలు అడగడం ఈ రోజే ఆపండి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, అదనంగా ఒక్క రూపాయీ అక్కర్లేదు. వచ్చే సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా పెట్టి, చేయమంటే ఎందుకు చేయమో మినిట్స్‌లో రాయండి. ఆ మినిట్స్ కాపీ మీ దగ్గర గ్రాంటు తీసుకుంటున్న ప్రతి సంస్థకీ పంపండి.